రెండో ఏడు చూడని తోటమాలి

మా ఆయన పూలలోనే బతుకుతున్నాడని చాలా ఏళ్లు నమ్మాను. నమ్మక ఏం చేస్తాను? ఫోన్ ఎత్తినప్పుడల్లా ఆయన వెనక పూలే. ఊదావి, ఎర్రవి, తెల్లవి, రోడ్డు మధ్యన జంపఖానా పరిచినట్టు. దుబాయ్‌లో బల్దియాకు, అంటే అక్కడి మున్సిపాలిటీకి పని చేసే ఒక కంపెనీలో మొక్కల పని ఆయనది. ఇక్కడ ఎల్లారెడ్డిలో నేను ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, ఆ పూల మధ్య నిలబడ్డ మనిషితో మాట్లాడేదాన్ని. "తిన్నవా?" అంటే "తిన్న" అనేవాడు. "నువ్వు?" అంటే "నేనూ తిన్న" అనేదాన్ని. ఇంతకంటే పెద్ద సంగతులు మా మధ్య నడిచినట్టు గుర్తు లేదు. నా కళ్లు మాత్రం ఆయన భుజం మీదుగా వెనక్కి పోయి ఆ పూలలో తిరుగుతూ ఉండేవి. చేతినిండా తునికాకు వాసన, ముక్కునిండా పూల వాసన. ఆ పూలకు అసలంత వాసన ఉండదని తర్వాతగానీ తెలియలేదు.

పేరు వెంకటి. ఊళ్లో అందరూ దుబాయ్ వెంకటి అంటారు. ఆ ఏడు దీపావళి ముందు వచ్చాడు. అక్కడ కంపెనీ పని అయిపోయిందట, మళ్లీ మిరుగానికి, తొలకరి వానలు పడే నాటికి, కొత్త వీసా వస్తుందట. వచ్చిన ప్రతిసారీ ఇంతే, సెలవు మీద వచ్చిన చుట్టం. పెట్టె విప్పితే సబ్బులు, సెంటు, మా బిడ్డకు చాక్లెట్లు. బిడ్డ నిజామాబాద్‌లో నర్సింగ్ చదువుకుంటూ సగం ఊరికి సూదులు పొడుస్తోంది, అయినా చాక్లెట్లే.

ఈసారి మాత్రం ఒక వింత జరిగింది. కామారెడ్డి పోయే రోడ్డు మీద, ఊరు దాటగానే, చక్రధర్ అనే ఆయన కొత్తగా ఫంక్షన్ హాలు కట్టించాడు. హాలు ముందర ఎకరమంత ఖాళీ జాగా, ఎర్రటి మొరం పోసి ఉంది. అక్కడ తోట వేయాలని ఆయన ఆశ. మా ఆయన సంగతి విని ఇంటికే వచ్చాడు. నేను చాయ్ తెచ్చేసరికి మాట అయిపోయింది.

"గీ ఎండకాలం దాటి తోట నిలవడితె పని నీదే వెంకటన్నా. ఏడాది పొడుగూత. మల్ల దేశం పోవుడెందుకు?" అన్నాడు చక్రధర్.

"చూద్దాం సార్," అన్నాడు మా ఆయన.

గ్లాసులు వాళ్ల ముందు పెట్టి లోపలికి వచ్చాను. తోట నిలబడితే మా ఆయన నిలబడతాడు, తోట పోతే ఆయనా పోతాడు. నా బుర్రకు ఎక్కింది ఇదే. ఉండమని నోటితో అడగడం మాత్రం నావల్ల కాదు. అడిగించుకుని ఉన్న మనిషి ఉన్నట్టా? తనకే ఉండాలనిపించాలి అనుకునేదాన్ని. కాబట్టి మనిషిని వదిలేసి మొక్కల మీద పడ్డాను. ఏ మొక్క పేరు విన్నా అది మే నెలలో ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని.

మొదటి మొక్కల కోసం ఇద్దరం కామారెడ్డి నర్సరీకి వెళ్లాం. ఆ తడి నేల, ఆకుపచ్చ తెర కింద ఆ నీడ, అందులో ఆయన నడక చూసి నాకు ఈ మనిషి ఎవరో అనిపించింది. ఇంట్లో చెంచా ఎక్కడుందో తెలియనివాడు అక్కడ ప్రతి మొక్కనూ పేరు పెట్టి పలకరిస్తున్నాడు. ఒక విత్తనాల డబ్బా చేతిలోకి తీసుకుని నాకు చూపించాడు.

"ఇగో, గీడ నంబరున్నది చూడు. జోన్ అంటరు. ఏ చెట్టు ఎంత సలికి ఆగుతదో గా నంబరు చెప్తది. దుబాయ్‌కు, మనకు ఇంచుమించు ఒక్కటే నంబరు. గాడ బతికినయి గీడ బతుకయా?"

"మన చెట్లను సలి ఎన్నడు సంపిందయ్య?" అన్నాను.

"నీకు తెల్వదు తియ్యి."

తెలియదు, నిజమే. చలి సంగతి నేను మాటకు అన్నదే. కానీ ఆయన నంబరు లెక్క వినగానే నాకు ధైర్యం వచ్చింది. దుబాయ్‌కూ ఎల్లారెడ్డికీ ఒకటే నంబరంటే ఆ రెండు ఊళ్ల మధ్య సముద్రమేదో తగ్గిపోయినట్టనిపించింది. డబ్బాలు సంచిలో వేయించుకుని, బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

నాటిన నారు మొగ్గ తొడిగేసరికి మాఘమాసం వచ్చింది. ఆ పొద్దు పెళ్లి ఉందని ఆయన చీకటితోనే హాలుకు పోయాడు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని తెల్లారాక బయల్దేరాను. మంచు ఇంకా విడలేదు. నిజాంసాగర్ వైపు నుంచి చల్లగాలి వస్తోంది. రోడ్డు పక్క పొలాలు కనబడటం లేదు, వాటిలో ఎవరో దగ్గుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. హాలు గేటు తోసుకుని లోపలికి అడుగుపెట్టాను, అంతే, నిలబడిపోయాను. పొగమంచులోంచి ఊదా రంగు, దాని పక్కన ఎరుపు, దాని పక్కన తెలుపు. వాటి మధ్యలో పైపు పట్టుకుని మా ఆయన.

ఇన్నేళ్లూ ఫోన్‌లో చూసిన బొమ్మ. ఇప్పుడు దాని లోపల నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే గేటు అవతల మా ఎల్లారెడ్డి ఉందో లేదో అని ఒక్క క్షణం భయం వేసింది.

"గట్ల నిలవడ్డవేంది? రా," అన్నాడు.

"ఇవేనా అవి?"

"ఇవే. పెటూనియ."

"మైకుల లెక్క ఉన్నయి." నిజంగానే గుడి మీద మైకు మూతుల్లాగా విచ్చుకుని ఉన్నాయి. ఆయన గట్టిగా నవ్వాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు మైకుపూలే.

"ఆగు, గాడ కూసో, ఫోటో తీస్త," అన్నాడు. పూల మధ్య గొంతు కూర్చున్నాను. పైట సర్దుకున్నాను. ఎటు చూడాలో తెలియలేదు, ఆయన్నే చూశాను. ఆ ఫోటో బిడ్డకు పంపితే, "అమ్మా, నువ్వు దుబాయ్ పోయినవా?" అని రాసింది. దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఆ నెలంతా నేను నేల మీద లేను. పెళ్లివాళ్లు పూల ముందు నిలబడి ఫోటోలు దిగేవారు. చక్రధర్ కనబడినవాళ్లకల్లా "మా వెంకటన్న చెయ్యి" అని చెప్పేవాడు. సాయంత్రాలు బీడీలు ఖార్ఖానాలో అప్పజెప్పి నేరుగా హాలుకే పోయేదాన్ని. ఇద్దరం సిమెంటు గట్టు మీద కూర్చునేవాళ్లం. మాట్లాడేది తక్కువే. తడి మట్టి చల్లదనం కాళ్లకు తగిలేది, ఆయన చొక్కాకు ఎరువు వాసన, నా చేతులకు తునికాకు వాసన. కలలో ఉన్నవాళ్లు ఇది కల అని చెప్పుకోరు కదా, మేమూ వీసా మాట ఎత్తలేదు.

హోళీ అయ్యాక గాలి మారింది. మా వైపు ఎండ మెల్లగా రాదు. ఒక మధ్యాహ్నం తలుపు తీసుకుని లోపలికొచ్చి మంచం మీద కూర్చుంటుంది. బోరులో నీళ్లు సన్నబడ్డాయి. మైకుపూలు ముందు మూతులు ముడిచాయి, తర్వాత తలలు వేలాడదీశాయి. నంబరు చలి సంగతే చెప్పింది గానీ మా వడగాలి సంగతి దానికి తెలియదు. అక్కడ ఆ పూలు చలికాలంలో మాత్రమే ఉంటాయనీ, పైపుల్లో నీళ్లు రాత్రింబగళ్లు వస్తాయనీ ఆయనకు తెలిసిందే. తెలిసినా లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అక్కడ ఎండాకాలం తోట ఏమవుతుందన్నది ఆయనకు ఎప్పుడూ ఆలోచించాల్సిన పని పడలేదు.

ఒక పొద్దున నేను వెళ్లేసరికి తోట లేదు. మొత్తం పీకేశాడు. ఎర్ర మొరం, దాని మీద గుంటలు, ఒక మూలన వాడిపోయిన కుప్ప.

"ఏందయ్య గిట్ల చేసినవు!" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినబడింది.

ఆయనకు నా కంగారు అర్థం కాలేదు. "సీజన్ అయిపోయింది గద. అయిపోయినంక ఒక్కటి గూడ కండ్లవడొద్దు. గాడ గంతే. పువ్వు ఆగిందా, తెల్లారెవరకు చెట్టు ఉండొద్దు. ఫోర్‌మన్ చూస్తె ఊకుంటడా?"

"మల్ల?"

"మల్ల లారీల కొత్తయి వస్తయి. పెడ్తం."

అని, తనే ఆగి రోడ్డు వైపు చూశాడు. లారీ వస్తుందేమోనన్నట్టు. రోడ్డు మీద ఒక గొర్ల మంద పోతోంది.

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. నేను అడిగాను, "గిన్నేండ్లు చెట్ల పనే చేస్తివి గద. ఒక చెట్టన్న పెద్దగైనప్పుడు చూసినవా?"

వేళ్లతో ఏదో లెక్క పెట్టుకుని చివరికి వదిలేశాడు. "రెండో ఏడు చూసిన చెట్టు ఒక్కటి గూడ లేదే," అన్నాడు.

బాధగా అనలేదు. అన్నం చల్లారింది అన్నట్టు అన్నాడు. లేచి ఖాళీ డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మర్నాడు నేనే అన్నాను, గాంధారి పోదామని. గాంధారి అవతల గుట్ట కింద మా చిన్నవ్వ ఉంటుంది. మా అమ్మకు చెల్లెలు. ఎవరూ నీళ్లు పోయకుండా బతికే చెట్లు కావాలంటే ఆమె వాకిలికే పోవాలి. పక్కింటి లింగం ఆటో మాట్లాడుకున్నాం. దారి పొడుగునా రేల చెట్లు ఆకు లేకుండా పసుపు పూలు దిగేసుకుని ఉన్నాయి.

చిన్నవ్వ మా మాట పూర్తిగా వినకుండానే నెత్తి మీద చేయి పెట్టుకుంది.

"గిప్పుడా? మిరుగం ముంగట ఎవలన్న చెట్టును ముడ్తరా బిడ్డా? గీ ఎండల మనిషే నిలుస్తలేడు."

"మిరుగం దాక ఆగెటట్టు లేదు చిన్నవ్వా," అన్నాను.

ఆమె నన్ను చూసింది. వేపచెట్టు కింద నిలబడి గోరింట కంచె తడిమి చూస్తున్న మా ఆయన్ని చూసింది. కొడవలి తీసుకుని వచ్చింది.

సీతాఫలం మొక్కలు వేరు మట్టితో సహా తవ్వి గోనెలో చుట్టింది. గోరింట కొమ్మలు కోసింది. తంగేడు నేను అడిగితే ఇవ్వలేదు. "దాన్ని పీకితె అలుగుతది. మిరుగంల ఇత్తులేసుకో," అని కొంగున గింజలు కట్టింది. చివరికి దేవగన్నేరు చెట్టు దగ్గరికి పోయి లావుపాటి కొమ్మలు నరికింది. ఒక్కో కోత దగ్గర పాలు బొట్లుగా కారాయి.

"గివి మాత్రం ఎండకు భయపడయి అల్లుడా. నరికి గోడ మీద పారేసినా నెలల కొద్ది సావయి. గాని ఒక్కటి యాదిపెట్టుకో. ముందుగాల అన్ని చెట్లు ఉన్న ఆకులు రాలుస్తయి. పైన ఆకును, కింద వేరును రెండింటిని సాకేటి నీళ్లు లేకుంటె ఆకునే ఇడుస్తది చెట్టు. గది చూసి నువ్వు ఇడువకు."

"సరే అవ్వా," అన్నాడు ఆయన, బడిపిల్లాడిలా.

తిరుగు దారిలో ఆటో నిండా కొమ్మలే. మా ముఖాల మీద ఆకులు, ఒళ్లో మట్టి గోనెలు. వడగాలి తగలకుండా లింగం పక్కలకు తడి గోనెపట్టా కట్టాడు. ఆ చల్లటి మసక వెలుతురులో ఆయన నిద్రపోయి నా భుజం మీద తల వాల్చాడు. దేవగన్నేరు పాలు నా చీరకు అంటుకుని జిగటగా ఉన్నాయి. గాంధారి నుంచి ఎల్లారెడ్డి ఇంకా దూరం ఉంటే బాగుండునని అనుకున్నాను. ఆ దారి ఎప్పటికీ అయిపోవద్దని దేవుడికి మొక్కాను కూడా, అబద్ధం చెప్పను.

నాటాం. కుండలకు అడుగున సన్నటి చిల్లి పెట్టి, ఒక్కో మొక్క మొదట్లో ఒక్కోటి పాతి, అందులో నీళ్లు పోశాం. ఇంటి నుంచి బిందెలు మోశాను. గోరింట వరసగా కంచెలా, సీతాఫలం గోడ వెంట, దేవగన్నేరు గేటుకు రెండు వైపులా. వైశాఖం వచ్చేసరికి అన్నీ ఆకులు రాల్చాయి. సీతాఫలం రాల్చింది, గోరింట రాల్చింది. దేవగన్నేరుకు రాల్చడానికి ఆకే లేదు. తోట అంటే నేలలో గుచ్చిన కట్టెలు. చిన్నవ్వ ముందే చెప్పింది కాబట్టి నేను ధైర్యంగా ఉన్నానని చెప్పాలి గానీ, లేను. ప్రతి పొద్దున ఒక్కో కట్టె ముందు కూర్చుని చిగురు కోసం కళ్లు చిట్లించి చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. ఆ ఎండలో ఏదైనా కదిలితే అది బల్లి. నాటిన తప్పు చెట్టుది కాదు, మాది. మిరుగం కోసం ఆగలేకపోయిన నా ఆత్రానిది.

ఆయనకు ఫోన్లు మొదలయ్యాయి. వీసా వచ్చిందని, హైదరాబాద్ రమ్మని. బయటికి పోయి మాట్లాడేవాడు. నేను కత్తెరతో తునికాకు కత్తిరిస్తూ ఆయన పాదాలే చూసేదాన్ని. అవి అటూ ఇటూ తిరిగేవి.

ఆ వారంలో ఒక పెద్ద పెళ్లి. పెళ్లికూతురు మేనత్త, విమలమ్మ అని, కారు దిగుతూనే గేటు దగ్గర ఆగిపోయింది.

"పెండ్లి ఇంటి ముంగట ఎండుకట్టెలు పాతిరేందయ్యా? చూడబుద్ధయితలేదు. శకునం కాదు గిది," అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. నేనైనా అదే అందును. సాయంత్రం చక్రధర్ మా ఆయన్ని పక్కకు పిలిచాడు. చెప్పలేక చెప్పాడు పాపం.

"వెంకటన్నా, నా మీద కోపం పెట్టుకోకు. పట్నం నుంచి ప్లాస్టిక్ గడ్డి తెప్పిస్తున్న. ఎండ లేదు, వాన లేదు, పరిస్తె పచ్చగుంటది. రేపటికల్ల జాగ ఖాళీ చెయ్యి."

"సరే సార్," అన్నాడు మా ఆయన.

మర్నాడు పొద్దున్నే పీకడం మొదలుపెట్టాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. ఎంత బాగా పీకుతాడో ఆ చేతులు చూస్తే తెలుస్తుంది. వంగడం, మొదలు పట్టుకోవడం, మెలి తిప్పడం, లాగడం, వెనక్కి విసరడం. తల కూడా తిప్పడు. ఇన్నేళ్లూ ఆయన నేర్చిన పనిలో సగం ఇదేనని అప్పుడు అర్థమైంది. గోరింట అయిపోయింది. గేటు దగ్గరికి వచ్చాడు. దేవగన్నేరు గట్టిగా పాతుకుని ఉంది, రాలేదు. రెండు చేతులతో పట్టుకుని గుంజాడు. కొమ్మ పైన విరిగి చేతికి వచ్చింది.

విరిగిన చోట నుంచి పాలు. తెల్లగా, చిక్కగా ఆయన మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి.

ఆయన దాన్ని విసరలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ ఎండ అదిరిపోతోంది. నేను దగ్గరికి పోయాను.

"బతికే ఉన్నది," అన్నాడు.

"ఊఁ."

"గాడ గూడ గిట్లనే ఉండెనేమోనే. ఎన్ని పీకి పారేసిననో."

అంతే అన్నాడు. కింద కూర్చుని, విసిరేసిన గోరింటను ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. నేను లింగానికి ఫోన్ చేశాను. మిగిలిన వాటిని చుట్టూ గెడ్డపారతో తవ్వి, మట్టి రాలకుండా తడి గోనెల్లో చుట్టాడు. ఒక గంట ముందు లాగిన చేతులేనా ఇవి అనిపించింది. ఆటో బయల్దేరేటప్పుడు లారీ నుంచి పచ్చగడ్డి చుట్టలు దించుతున్నారు.

మా ఇంటి ముందర, బట్టలారేసే జాగాలో అన్నీ పాతాం. పైన నా పాత చీరలు నీడకు కట్టాం. ఊదా చీర, ఎర్ర చీర, తెల్లది ఒకటి. గాలికి అవి ఊగుతుంటే ఇరుగుపొరుగు వాళ్లు పెళ్లా అని అడిగారు. మొక్కలు కట్టెలుగానే ఉన్నాయి. నాకు వాటి మీద కోపం లేదు. పని పోయింది, తోట పోయింది, వీసా ఉంది. మిరుగం ఇంకా రాలేదు, ఆయన వెళ్లాల్సిన పొద్దు వచ్చింది.

ఆ పొద్దున ఆయన స్నానం చేసి ప్యాంటు చొక్కా వేసుకున్నాడు. పెట్టె వాకిట్లో పెట్టాడు. లింగం ఆటో వచ్చి ఆగింది, కామారెడ్డిలో పట్నం బస్సు ఎక్కించాలి. నేను చెంబుతో కట్టెల మొదళ్లలో నీళ్లు పోస్తున్నాను. ఆయన గడప మీద నిలబడ్డాడు.

మా వైపు బయల్దేరే మనిషి 'పోతున్న' అనకూడదు. 'పోయొస్త' అనాలి. ఇంట్లోవాళ్లు 'పోయిరా' అనాలి. ఆ మాట వెనక నుంచి పడ్డాకే అడుగు గడప దాటాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతిసారీ నేను అన్నాను. కళ్లు తుడుచుకుని, గొంతు సర్దుకుని, ఎక్కడా వణకకుండా అన్నాను.

"పోయొస్త," అన్నాడు.

నేను నీళ్లు పోస్తున్నాను.

"పోయొస్తనే," అన్నాడు మళ్లీ.

చెంబు ఖాళీ అయింది. బకెట్‌లో ముంచాను. ఆయన గడప దాటలేదు. బయట లింగం హారన్ కొట్టాడు.

"ఏందే, పోయిరా అనవా?"

"అనను," అన్నాను. నోట్లోంచి అదెలా వచ్చిందో నాకు తెలియదు. దాని వెనకే ఇంకోటి వచ్చింది. "పోకు."

ఆయన ముఖంలో రంగు మారింది. కోపమనుకున్నాను. "గిన్నేండ్లల్ల గీ మాట ఎన్నడన్న అన్నవా?" అన్నాడు.

"నువ్వెన్నడన్న అడిగినవా?"

"అడుగుడేంది? పోయిన పారి గడప కాడ నిలవడ్డ. చానసేపు నిలవడ్డ. పోయిరా అంటివి. అంతకుముందు గూడ పోయిరా అంటివి. ఈమెకు నేను పోతెనే మంచిగుంటదేమో అనుకున్న. పొమ్మంటున్నవనే పోయిన."

"అయ్యో," అన్నాను. చెంబు చేతిలోంచి జారింది. "నేను రమ్మంటి గదయ్య!"

ఒకే మాట. దాని ముందరి సగం పట్టుకుని ఆయన సముద్రం దాటాడు. వెనకటి సగం పట్టుకుని నేను ఈ వాకిట్లో బీడీలు చుట్టుకుంటూ కూర్చున్నాను. మా బిడ్డ పెరిగి పెద్దదయింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

ఆయన అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. ఇస్త్రీ ప్యాంటు, బూట్లు, మెళ్లో పాస్‌పోర్టు సంచి.

"ఉంటె ఏం పని చేస్తనే?" అన్నాడు.

"బీడీలు చుట్టు. ఆకు కత్తిరించుడు నేర్పిస్త."

"నాకొస్తదా?"

"గన్ని చెట్లు పీకినోనికి ఆకు కత్తిరించుడు రాదా?"

నవ్వాడు. నవ్వుతూనే చేత్తో కళ్లు నలుపుకున్నాడు. బయట లింగానికి ఓపిక అయిపోయింది, ఆటోలోంచే కేక వేశాడు.

"వెంకటన్నా! బస్సు పోతదే!"

మా ఆయన బూటు లేసులు విప్పుతున్నాడు. తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"లింగం, నువ్వు పో."

"పోయి మల్ల రావాల్నా అన్నా?"

"వద్దు. ఉత్తగ పో."